డ్రయ్యర్ తిరుగుతోంది, వేడి రావడం లేదు: థర్మల్ ఫ్యూజు, థర్మోస్టాట్లు పరీక్షించి మార్చడం ఎలా?

అనంతపురంలో బట్టలు ఆరబెట్టడానికి కరెంటు మిషను ఎందుకని నన్ను అడిగినవాళ్ళు చాలామంది ఉన్నారు. నిజమే, ఏప్రిల్‌లో మిద్దె మీద దండేనికి వేసిన తువ్వాలు, కిందికి దిగి టీ తాగి వచ్చేసరికి అప్పడమై ఉంటుంది. కానీ రోజూ కుప్పలుగా దుప్పట్లు ఉతికే లాడ్జీలకు, నర్సింగ్ హోములకు దండెం చాలదు. ఆషాఢం గాలికి ఎర్రమట్టి లేచిందంటే బయట వేసిన తెల్ల దుప్పటి తెల్లగా తిరిగి రాదు. నవంబరులో ముసురు పట్టిన వారం కడప అపార్ట్‌మెంట్లలో తడిబట్టలు సోఫాల మీదికి ఎక్కుతాయి. అలా కొన్న డ్రయ్యర్లే నా రిపేరు బల్ల దగ్గరికి వస్తున్నాయి.

వచ్చినవాళ్ళు అడిగేది రెండే మాటలు. ఒకటి: "తిరుగుతోంది, వేడి రావడం లేదు." రెండు: "ఫ్యూజు మార్పించాం, పది రోజులకే మళ్ళీ పోయింది." మొదటిదానికి మల్టీమీటరుతో పది నిమిషాల్లో జవాబు దొరుకుతుంది. రెండోదానికి ఓపిక కావాలి. దానికే ఇక్కడ ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ముందు మీ మిషను ఏదో తేల్చుకోండి

మన ఇళ్ళలో "డ్రయ్యర్" అంటే చాలామందికి సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషీన్‌లో పక్కన ఉండే చిన్న తొట్టి. అది బట్టలను గిరగిరా తిప్పి నీళ్ళు పిండుతుంది, అంతే. అందులో హీటర్ లేదు. దాని గురించి వెతుకుతూ ఇక్కడికి వచ్చి ఉంటే మీ మిషనుకు ఇందులో పనికొచ్చేది లేదు.

నేను చెబుతున్నది హీటరుతో వేడిగాలి పుట్టించి, డ్రమ్ములో తిరిగే బట్టల మీదుగా లాగి, వెనక గొట్టం ద్వారా బయటికి వదిలే డ్రయ్యర్ గురించి. ఉతకడం, ఆరబెట్టడం రెండూ ఒకే డ్రమ్ములో చేసే మిషన్లలోనూ ఈ భాగాలే ఉంటాయి, కానీ అవి డ్రమ్ము పైభాగంలో ఇరుకు సందులో ఉంటాయి, విప్పడం కష్టం. హీట్ పంప్ రకంలో వేడిని కంప్రెసర్ ఇస్తుంది. దాన్ని ఇంట్లో విప్పకండి.

కాస్త సిద్ధాంతం, అవసరమైనంత వరకే

ప్రెషర్ కుక్కర్‌ను గుర్తు తెచ్చుకోండి. విజిల్ లేస్తుంది, ఆవిరి వదులుతుంది, మళ్ళీ కూర్చుంటుంది. అది రోజువారీ పని. మూత మీద పక్కన సేఫ్టీ వాల్వ్ ఉంటుంది. విజిల్ దారి మూసుకుపోయి ఒత్తిడి, వేడి హద్దు దాటితే అందులోని లోహపు బిళ్ళ కరిగి ఆవిరిని వదిలేస్తుంది. ఒక్కసారే. తర్వాత కొత్త వాల్వ్ వేయాల్సిందే.

డ్రయ్యర్‌లోనూ ఇంతే. విజిల్ పని చేసేది సైక్లింగ్ థర్మోస్టాట్. అందులో వేడికి వేర్వేరుగా వ్యాకోచించే రెండు లోహాలను అతికించిన చిన్న గిన్నెలాంటి బిళ్ళ ఉంటుంది. గాలి వేడి నిర్ణీత డిగ్రీకి, చాలా మిషన్లలో 60-70 సెల్సియస్ మధ్య, చేరగానే ఆ బిళ్ళ టక్కున తిరగబడి హీటరుకు కరెంటు ఆపుతుంది. చల్లారితే మళ్ళీ కలుపుతుంది. ఒక్క విడత ఆరబెట్టడంలో ఇది చాలాసార్లు జరుగుతుంది. కొత్త మిషన్లలో ఈ పని థర్మిస్టర్ (వేడిని పసిగట్టే చిన్న సెన్సర్), బోర్డు మీది రిలే (బోర్డు చెప్పినట్టు కరెంటును కలిపి తెంచే స్విచ్చు) కలిసి చేస్తాయి.

రెండో కాపలా హై లిమిట్ థర్మోస్టాట్. చూడటానికి మొదటిదానిలాగే ఉంటుంది, హీటర్ డబ్బాకు అంటుకుని ఉంటుంది, ఇంకా ఎక్కువ వేడికి తెగుతుంది. కొన్నింటికి నడుమ చిన్న ఎర్ర బొత్తాం ఉంటుంది, చేత్తో నొక్కితే గాని మళ్ళీ కలవదు.

చివరిది థర్మల్ ఫ్యూజు. దీనిలో సాధారణంగా మైనంలాంటి గుళిక ఒకటి స్ప్రింగును పట్టి ఉంచుతుంది. వేడికి గుళిక కరిగితే స్ప్రింగు వదులై కరెంటు దారి తెగుతుంది, ఇక కలవదు. బ్లోవర్ (గాలిని లాగే ఫ్యాను) దగ్గర ఉండేది చాలా మిషన్లలో 90 డిగ్రీల ప్రాంతంలో, హీటర్ డబ్బా మీద ఉండేది 170 దాటాక తెగుతాయి. ఇంట్లో బోర్డు మీది ఫ్యూజు ఎక్కువ కరెంటుకు పోతుంది, ఇది ఎక్కువ వేడికి పోతుంది. పేరు ఒకటే కావడంతో వోల్టేజి ఎక్కువై పోయిందని అందరూ తేల్చేస్తారు.

కావలసినవి

మల్టీమీటర్, చవకదైనా సరే, బీప్ చేసేది. ప్లస్, మైనస్ స్క్రూడ్రైవర్లు. నోస్ ప్లయర్. టార్చి. పాత టూత్‌బ్రష్, పెయింట్ బ్రష్. వ్యాక్యూమ్ క్లీనర్ ఉంటే మంచిది. ఫోను, ఫోటోలకు. స్క్రూలు వేసుకోవడానికి రెండు మూడు చిన్న గిన్నెలు. చేతికి గుడ్డ చేతితొడుగులు, ఎందుకంటే డ్రయ్యర్ రేకుల అంచులు బ్లేడులా కోస్తాయి. కొత్త ఫ్యూజు ఇప్పుడే కొనకండి, ముందు పాతదాని మీది అంకెలు చూడాలి.

వారంటీ ఇంకా ఉంటే ఈ పని పెట్టుకోకండి. ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేదని అనుమానం ఉంటే ముందు ఎలక్ట్రీషియన్‌తో అది సరిచేయించండి.

1. ప్లగ్గు పీకండి

స్విచ్చు కట్టేస్తే చాలదు. స్విచ్చును న్యూట్రల్ వైరుకు పెట్టిన ఇళ్ళు మన ఊళ్ళలో నేను లెక్కలేనన్ని చూశాను, అలాంటి చోట స్విచ్చు కట్టేసినా మిషను లోపల కరెంటు ఉంటుంది. ప్లగ్గు పీకి, కంటికి కనబడేలా మిషను మీదే పెట్టుకోండి, ఇంట్లోవాళ్ళు పొరపాటున పెట్టకుండా. అరగంట చల్లారనివ్వండి.

మోటారు పక్కన కెపాసిటర్ ఉంటుంది. ప్లగ్గు పీకినా అది కాసేపు కరెంటును దాచుకుంటుంది. దాని కొనలను ముట్టుకోకండి. ముట్టుకోక తప్పని పని అయితే, పాత 100 వాట్ల బల్బు హోల్డరు వైర్లను ఆ రెండు కొనలకూ తగిలించి ఖాళీ చేయండి.

2. వేడి రాకపోవడానికి తేలిక కారణాలు ముందు చూడండి

విప్పకముందే మూడు సంగతులు. మోడు "చల్లగాలి" మీద ఉందా? ఇది నవ్వుకోవడానికి రాయడం లేదు, మా వీధిలోనే ఒకసారి ఇందుకే వెళ్ళి వచ్చాను. ప్లగ్గు 16 ఆంపియర్ల సాకెట్‌లో ఉందా? 2000 వాట్ల హీటర్ దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, 6 ఆంపియర్ల సాకెట్‌కు అడాప్టరు పెట్టి వాడితే ప్లగ్గు పిన్నులు నల్లబడి ఉంటాయి, చూడండి. మూడోది, తలుపు గట్టిగా పడుతోందా?

మిషను అసలు కదలకుండా పూర్తిగా చచ్చిపోయి ఉన్నా థర్మల్ ఫ్యూజును అనుమానించవచ్చు. కొన్ని కంపెనీలు దాన్ని హీటరు దారిలో కాక మోటారు దారిలో పెడతాయి.

3. వెనక రేకు విప్పండి, ఫోటో తీయండి

మిషనును గోడ నుంచి జరపండి. వెనక గొట్టాన్ని విప్పి పక్కన పెట్టండి, పారేయకండి, దాన్ని తర్వాత తప్పకుండా చూడాలి. రేకు స్క్రూలు తీసి గిన్నెలో వేయండి. కొన్ని మోడళ్ళలో ఈ భాగాలు ముందు వైపు కింద ఉంటాయి.

ఏ వైరునూ ముట్టుకోకముందు నాలుగైదు ఫోటోలు తీయండి, దూరం నుంచి ఒకటి, ఒక్కో భాగానికి దగ్గర నుంచి ఒకటి. "గుర్తుంటుందిలే" అనుకుని వైర్లు తారుమారు చేసుకున్న మిషన్లే నాకు ఎక్కువ పని ఇస్తాయి.

రేకు తీయగానే లోపల నూగు చూసి మీరే ఆశ్చర్యపోతారు. బట్టల నుంచి రాలిన దూది పొట్టు అది. ఆదోని జిన్నింగ్ మిల్లుల చుట్టుపక్కల పెరిగినవాళ్ళకు దూదికి నిప్పు అంటుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. బ్రష్‌తో, వ్యాక్యూమ్‌తో మెల్లగా తీయండి. నోటితో ఊదకండి, అది మోటారులోకి, హీటరు తీగల్లోకి పోతుంది.

4. మీటరును ముందు పరీక్షించండి

మల్టీమీటరును కంటిన్యూటీకి, అంటే బీప్ గుర్తుకు తిప్పి రెండు మొనలూ కలపండి. బీప్ వచ్చిందా? ఓముల్లో పెట్టి కలిపితే 0 నుంచి 0.5 లోపు చూపాలి. ఈ ముక్క వదిలేసి, తెగిన మీటరు వైరుతో మంచి ఫ్యూజును చెత్తబుట్టలో వేసినవాళ్ళున్నారు.

5. థర్మల్ ఫ్యూజు పరీక్ష

బ్లోవర్ గూడు మీదో, హీటర్ డబ్బా మీదో తెల్లగా, చిన్నగా, రెండు వైర్లతో ఉండేదే ఇది. కనీసం ఒక వైరును పీకి అప్పుడు కొలవండి. వైర్లు ఉంచేసి కొలిస్తే కరెంటు మోటారు చుట్టల మీదుగా ఇంకో దారిన తిరిగి వచ్చి, పోయిన ఫ్యూజు కూడా బాగున్నట్టు కనిపించవచ్చు. వైరును పట్టుకుని లాగకండి, లోహపు క్లిప్పును ప్లయర్‌తో పట్టి కొద్దిగా ఊపుతూ తీయండి.

బీప్ వస్తే ఫ్యూజు మంచిది. రాకపోతే పోయినట్టే. ఇందులో మధ్యస్థం లేదు, "కాస్త బలహీనమైంది" అనేది ఉండదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. పనిచేస్తుందో లేదో చూద్దామని మంచి ఫ్యూజును వేడినీళ్ళలోనో, లైటరు మంటకో పెట్టకండి. పనిచేస్తుంది, కానీ ఆ పని చేయడమే దానికి ఆఖరు.

6. థర్మోస్టాట్ల పరీక్ష

గది వేడి దగ్గర సైక్లింగ్, హై లిమిట్ రెండూ కలిసి ఉండాలి, అంటే బీప్ రావాలి. బీప్ రాని థర్మోస్టాట్‌కు ఎర్ర బొత్తాం ఉంటే నొక్కి మళ్ళీ కొలవండి. నొక్కాక కలిసిందంటే భాగం బాగుంది, మిషను ఎందుకో అతిగా వేడెక్కింది. నొక్కేసి మూసేసి వెళ్ళిపోకండి.

సైక్లింగ్ థర్మోస్టాట్‌కు కొన్నింట్లో నాలుగు కొనలు ఉంటాయి. పెద్దవి రెండు స్విచ్చువి, వాటి మధ్యే బీప్ రావాలి. చిన్నవి రెండు లోపలి బుల్లి హీటరువి, వాటి మధ్య కొన్ని వేల ఓములు చూపితే అది సరైనదే. చిన్న కొనలకు మీటరు పెట్టి బీప్ రాలేదని థర్మోస్టాట్ మార్చడం తరచుగా జరిగే పొరపాటు.

బీప్ వచ్చినంత మాత్రాన థర్మోస్టాట్ బాగున్నట్టు కాదని గుర్తుంచుకోండి. అది కలిసి ఉండటం సగం పని, సరైన వేడికి తెగడం మిగతా సగం. లోపలి కాంటాక్టులు కాలి అతుక్కుపోతే ఎప్పుడూ కలిసే ఉంటుంది, హీటర్ ఆగదు, పాపం ఫ్యూజు బలి అవుతుంది. దీన్ని ఇంట్లోనే చూడవచ్చు. థర్మోస్టాట్‌ను పూర్తిగా బయటికి తీసి, రెండు వైరు ముక్కలు తగిలించి, మందపాటి ప్లాస్టిక్ కవరులో పెట్టండి. నీరు లోపలికి పోకుండా మూతి పైకి పట్టుకుని, నీళ్ళున్న గిన్నెలో లోహపు ముఖం ఉన్న వైపు ముంచండి. పక్కనే వంటకు వాడే థర్మామీటరు పెట్టి నీళ్ళు మెల్లగా కాచండి. దాని మీద అచ్చు వేసిన డిగ్రీకి అయిదు అటూ ఇటూగా టక్ మని మీటరు బీప్ ఆగాలి. పొయ్యి ఆపి చల్లారనిస్తే కొన్ని డిగ్రీలు తగ్గాక మళ్ళీ బీప్ రావాలి. 80 దాటినా ఆగకపోతే 65 డిగ్రీల థర్మోస్టాట్ చెడిపోయినట్టే.

హై లిమిట్‌ను ఇలా చూడలేం. అది చాలా మిషన్లలో 100 పైన తెగుతుంది, మన నీళ్ళు అంతకు మించి కాగవు. ఆయిల్‌లో కాచి చూస్తానని ఒకాయన ఫోను చేశాడు, వద్దన్నాను. అనుమానం ఉంటే కొత్తది వేయడమే చవక.

7. థర్మిస్టర్ ఉంటే: ఎండాకాలపు చిక్కు

బోర్డు ఉన్న మిషన్లలో సన్నని రెండు వైర్లతో ఉండే చిన్న సెన్సర్ ఇది. వేడి పెరిగేకొద్దీ దీని నిరోధం తగ్గుతుంది. చాలా మిషన్లలో 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓములు, కొన్నింట్లో వేరే విలువ, మీ మోడలు పుస్తకంలో చూసుకోండి.

చిక్కు ఎక్కడంటే, పుస్తకంలో రాసింది 25 డిగ్రీలకు. మే నెలలో కర్నూలులో మధ్యాహ్నం ఫ్యాను కింద కూర్చుని కొలిస్తే గదే 40 ఉంటుంది. అప్పుడు 10 కిలో ఓముల థర్మిస్టర్ 5 నుంచి 6 కిలో ఓముల మధ్య చూపుతుంది. చూపాలి కూడా. "సగానికి పడిపోయింది, చెడిపోయింది" అని మార్చేసి డబ్బు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. 35 డిగ్రీల దగ్గర దాదాపు 6.5. అసలు పరీక్ష వేరే ఉంది: దాన్ని పిడికిట్లో పట్టుకుంటే, లేదా వేసవిలో అయితే చల్లటి మజ్జిగ గ్లాసుకు ఆనిస్తే, అంకె మెల్లగా తగ్గడమో పెరగడమో కనబడాలి. కదలకుండా నిలబడితేనో, అనంతం (మొనలు దేనికీ తగలనప్పుడు మీటరు చూపే గుర్తు) చూపితేనో మార్చండి.

8. హీటర్ పరీక్ష

హీటర్ వైర్లు రెండూ పీకి ఓముల్లో కొలవండి. ఎంత రావాలో మీరే లెక్క కట్టుకోవచ్చు: 52,900ను (230 వోల్టులను 230తో గుణిస్తే వచ్చేది) హీటరు వాట్లతో భాగించండి. 2000 వాట్లకు 26, 2500కు 21, 1500కు 35 ఓములు. రెండు మూడు ఓములు తేడా వస్తే పట్టించుకోవద్దు. అనంతం చూపితే తీగ తెగింది, ఫ్యూజు మంచిదే కావచ్చు.

తర్వాత ఒక మొన హీటర్ కొనకు, ఇంకోటి డబ్బా రేకుకు పెట్టండి. బీప్ రాకూడదు. వస్తే తీగ సాగి రేకుకు తగులుతోంది. ఆ హీటరును అలాగే నడపకండి, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్చు) ఉంటే ట్రిప్ అవుతుంది, లేకపోతే రేకు షాకు కొట్టవచ్చు.

9. కొత్త ఫ్యూజు కొనడం, వేయడం

పాతదాని మీద డిగ్రీలు, ఆంపియర్లు, వోల్టులు అచ్చై ఉంటాయి. మూడూ రాసుకుని, పాత ముక్కను జేబులో వేసుకుని దుకాణానికి వెళ్ళండి. డిగ్రీ అదే ఉండాలి. ఆంపియర్లు అంతే ఉండాలి, లేదా కొద్దిగా ఎక్కువ ఉండవచ్చు, తక్కువ మాత్రం కూడదు.

దుకాణాల్లో మీకు తప్పకుండా ఎదురయ్యేది రైస్ కుక్కర్ ఫ్యూజు. చవక, ఎక్కడైనా దొరుకుతుంది, "ఇదీ అదీ ఒకటేనండి" అంటారు. ఒకటి కాదు. అవి సాధారణంగా 170-185 డిగ్రీలవి. 91 డిగ్రీల ఫ్యూజు స్థానంలో దాన్ని పెడితే మిషను నడుస్తుంది, కాపలా మాత్రం నిద్రపోతుంది. గీజరు థర్మోస్టాట్ సంగతీ ఇంతే, ఆకారం కలిసినా డిగ్రీ కలవదు. సరైనది ఊళ్ళో దొరకకపోతే బెంగళూరు నుంచో హైదరాబాదు నుంచో తెప్పించుకోండి, నాలుగు రోజులు దండేనికి ఆరేసుకుంటే నష్టం లేదు.

క్లిప్పులతో వచ్చే ఫ్యూజు అయితే నొక్కి పెట్టేయడమే. రెండు తీగలతో వచ్చేదాన్ని సాల్డరింగ్ చేయకండి. సాల్డరింగ్ ఐరన్ వేడి తీగ వెంట పాకి లోపలి గుళికను కరిగించేస్తుంది. ఈ పని నేర్చుకునే రోజుల్లో నేను వరసగా రెండు కొత్త ఫ్యూజులను ఇలాగే చంపి, దుకాణంవాడు నాసిరకం సరుకు ఇచ్చాడని గొడవకు వెళ్ళాను. ఇత్తడి తొడుగు వేసి ప్లయర్‌తో గట్టిగా నొక్కి కలపండి, దాని మీద వేడిని తట్టుకునే గాజునూలు గొట్టం తొడగండి. మామూలు ప్లాస్టిక్ టేపు అక్కడ కరిగి జిగురవుతుంది. ఫ్యూజు ముందు ఎలా రేకుకు ఆని ఉందో అలాగే ఆనించండి, గాల్లో వేలాడితే అది వేడిని ఆలస్యంగా గ్రహిస్తుంది.

"డైరెక్ట్" చేయించుకోకండి

ఫ్యూజు తీసేసి రెండు వైర్లూ కలిపి టేపు చుట్టేయడాన్ని మన దగ్గర "డైరెక్ట్ ఇవ్వడం" అంటారు. కొత్తది దొరికేదాకా అని మొదలవుతుంది, ఎవరూ మళ్ళీ మార్చరు. ఒక లాడ్జీ మిషను అలాగే నా దగ్గరికి వచ్చింది. డ్రమ్ము వెనక నూగు బొగ్గయింది, ఒక వైపు వైర్ల తొడుగు అంతా కరిగింది. ఆ రాత్రి పనివాడు వాసన పట్టి ప్లగ్గు పీకాడు కాబట్టి గది మిగిలింది. అంతకు ముందు నెలలో ఆ ఫ్యూజు రెండుసార్లు పోయిందట, అందుకే విసిగి డైరెక్ట్ చేయించారట. రెండుసార్లు అది చెప్పింది ఏమిటో ఎవరూ వినలేదు. పరీక్ష కోసం "ఒక్క నిమిషం" కలిపి చూడటమూ వద్దు, మీటరు బీప్ చెప్పని కొత్త సంగతి అందులో ఏమీ తెలియదు.

10. అసలు పని: ఎందుకు పోయింది?

ఫ్యూజు వేశారు, కానీ రేకు అప్పుడే బిగించకండి. నా అనుభవంలో పదింట ఏడెనిమిదిసార్లు కారణం గాలి సరిగా పోకపోవడమే. కింది వరసలో చూడండి.

*జల్లెడ.* తలుపు దగ్గర ఉండే నూగు జల్లెడను ప్రతి విడతకూ దులపాలి. దులిపినా సరిపోని సందర్భం ఒకటి ఉంది. బట్టలు మెత్తగా ఉండటానికి వాడే కండిషనర్ ద్రవం, గంజి పెట్టిన చీరల పొడి కలిసి జల్లెడ కన్నాలపై కంటికి కనబడని పొర కడతాయి. జల్లెడను కుళాయి కింద పట్టి నీళ్ళు పోయండి. నీళ్ళు కారిపోకుండా చెరువులా నిలబడితే పొర ఉన్నట్టే. సబ్బు నీళ్ళు, టూత్‌బ్రష్‌తో కడిగి, పూర్తిగా ఆరాక పెట్టండి.

*బయటి గొట్టం.* పక్కన పెట్టమన్న గొట్టాన్ని ఇప్పుడు టార్చి వేసి చూడండి. ముడతల గొట్టం లోపలి ప్రతి ముడతా నూగు అర. మిషనును గోడకు నెట్టినప్పుడు గొట్టం నలిగిందా? మూడు నాలుగు మలుపులు తిరిగిందా? పొట్టిగా, తిన్నగా ఉండాలి. ప్లాస్టిక్ గొట్టం, పీవీసీ పైపు తీసేసి అల్యూమినియం గొట్టం వేయండి. అతుకుల దగ్గర లోపలికి పొడుచుకు వచ్చే స్క్రూలు వద్దు, నూగు వాటికే పట్టుకుంటుంది.

*గొట్టం చివర దోమల వల.* ఇది మనవాళ్ళ ప్రత్యేకత. పావురాలు, బల్లులు దూరుతాయని గొట్టం మూతికి దోమతెర ముక్క కడతారు. రెండు వారాల్లో దానిమీద నూగు, ఎర్రదుమ్ము కలిసి కంబళి నేసినట్టు మూసుకుపోతుంది. వల తీసేయండి, గాలికి తెరుచుకుని తర్వాత వాలిపోయే రేకు మూత పెట్టండి. మిషను నడిచేటప్పుడు ఆ మూత బాగా లేచి నిలబడాలి. సగమే లేచి వాలిపోతుంటే, గాలి తక్కువని అర్థం.

*బ్లోవర్ చక్రం.* చేత్తో తిప్పి చూడండి. ఇరుసు కదలకుండా చక్రం ఒక్కటే తిరిగితే లోపలి కన్నం అరిగిపోయింది, మోటారు తిరుగుతుంది, గాలి రాదు. ఇందులో పిల్లల మేజోళ్ళు, చేతిరుమాళ్ళు, ఒకసారి యాభై రూపాయల నోటు కూడా దొరికాయి నాకు.

*గది.* డ్రయ్యర్ తన చుట్టూ ఉన్న గాలినే పీల్చుకుంటుంది. మిద్దె మీద రేకుల గదిలో, తలుపులు మూసి, మిట్టమధ్యాహ్నం నడిపితే అది 45 డిగ్రీల గాలితో పని మొదలుపెడుతుంది. కిటికీ తెరవండి, లేదా పొద్దున నడపండి.

*వోల్టేజి.* హీటర్ వేడి వోల్టేజి వర్గాన్ని, అంటే వోల్టేజిని దానితోనే గుణిస్తే వచ్చే అంకెను బట్టి మారుతుంది. 230 స్థానంలో 250 వస్తే వేడి 18 శాతం ఎక్కువ. గాలి బాగుంటే థర్మోస్టాట్ దీన్ని అదుపు చేస్తుంది. గాలి అప్పటికే తక్కువగా ఉంటే మాత్రం ఇదే ఆఖరి నెట్టు అవుతుంది. 190కి పడిపోతే వేడి మూడింట ఒక వంతు తగ్గి, బట్టలు ఆరడానికి ఆలస్యమవుతుంది, అంతే.

ఇవన్నీ సరిగా ఉంటే అప్పుడు సైక్లింగ్ థర్మోస్టాట్‌ను, బోర్డు మీది రిలేను అనుమానించండి. రిలే కాంటాక్టులు అతుక్కుంటే థర్మిస్టర్ ఎంత మొత్తుకున్నా హీటర్ ఆగదు. బోర్డు పని తెలిసినవాళ్ళకు అది వదిలేయండి.

11. సరిచూసుకోవడం

రేకు బిగించి, గొట్టం తగిలించి, నాలుగైదు తడి తువ్వాళ్ళు వేసి నడపండి. ఖాళీ డ్రమ్ముతో పరీక్షిస్తే లెక్కలు తప్పుతాయి.

ఇప్పుడు ఇంటి కరెంటు మీటరు దగ్గరికి వెళ్ళండి. ఇంట్లో మిగతావన్నీ ఆపేయండి. మీటరు మీద ఎర్ర లైటు మెరుస్తూ ఉంటుంది, యూనిట్‌కు ఎన్ని మెరుపులో దానిమీదే రాసి ఉంటుంది. 3200 అని ఉంటే, హీటర్ నడుస్తున్నప్పుడు 2000 వాట్ల మిషనుకు సెకనుకు సుమారు రెండు మెరుపులు వస్తాయి. థర్మోస్టాట్ తెగగానే మోటారు ఒక్కటే మిగిలి, అయిదారు సెకన్లకు ఒకటి పడుతుంది. వేగంగా, మెల్లగా, మళ్ళీ వేగంగా: ఇలా మారుతూ ఉంటే థర్మోస్టాట్ తన పని చేస్తోంది. తువ్వాళ్ళు దాదాపు ఆరిపోయినా, గంటసేపటికీ ఒక్కసారి కూడా మెరుపులు నెమ్మదించకపోతే వెంటనే ఆపి ప్లగ్గు పీకండి, 6వ అంచెకు వెళ్ళండి. క్లాంప్ మీటరు (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) ఉన్నవాళ్ళకు ఇంత అవసరం లేదు, 9-10 ఆంపియర్లు ఒకటి రెండుకు పడటం నేరుగా కనిపిస్తుంది.

గొట్టం మూతి దగ్గర వంట థర్మామీటరు పెట్టండి. 50 నుంచి 70 లోపు ఉంటే బాగుంది. 80 దాటితే గాలి దారి ఇంకా ఎక్కడో బిగుసుకుని ఉంది. గుడ్డ కాలిన వాసన మొదటి అయిదు నిమిషాల్లో కొద్దిగా వస్తే మిగిలిన నూగుది కావచ్చు, తగ్గకపోతే ఆపేయండి.

మళ్ళీ పోకుండా

నడుస్తుండగా కరెంటు పోతే చాలామంది అలాగే వదిలేసి కరెంటు కోసం చూస్తారు. ఫ్యాను ఆగింది, హీటరు తీగ మాత్రం ఇంకా ఎర్రగానే ఉంది. ఆ వేడి కదలని గాలిలో చుట్టుపక్కల పాకి మంచి ఫ్యూజును కూడా కరిగిస్తుంది. తలుపు తెరవండి, బట్టలు తీసి విదిలించి బుట్టలో పరచండి. ఇదే కారణంతో చివర వచ్చే చల్లగాలి విడతను మధ్యలో ఆపకండి. ఇన్వర్టరు మీద డ్రయ్యర్‌ను నడపాలని చూడకండి.

వేరుశనగ నూనె తుడిచిన గుడ్డలు, తలంటు తువ్వాళ్ళు ఉతికినా నూనె పూర్తిగా పోదు. అవి ఆరాక వేడిగా కుప్ప పోస్తే లోపల్లోపల వేడెక్కి రగులుకునే ప్రమాదం ఉంది. వాటికి దండెమే మంచిది. ధర్మవరం పట్టుచీరలను డ్రయ్యర్‌లో వేయవచ్చా అని కూడా అడుగుతారు. వద్దు, అది మిషను కోసం కాదు, చీర కోసం.

వెనక రేకు మీద మార్కర్‌తో ఫ్యూజు మార్చిన తేదీ, దాని డిగ్రీ, ఆంపియర్లు రాసి పెట్టండి. మూడు నెలల్లోపు మళ్ళీ పోతే కొత్తది కొనడానికి వెళ్ళకండి, టార్చి తీసుకుని 10వ అంచె మొదటి నుంచి చూడండి.